శుక్రవారపు గదిలో ఐదుగురు

వేటపాలెం పేరు వినగానే చదువరులకు ముందుగా స్ఫురించేది సారస్వత నికేతనం. చేనేత మగ్గాలకూ, జీడిపప్పుకూ పేరుపడిన ఆ ఊరిలో 1918లో కొందరు యువకులు ఊటుకూరి వెంకటసుబ్బరాయ శ్రేష్ఠిగారి పూనికతో యువజన సంఘంగా ఏర్పడి గ్రంథాలయాన్ని నెలకొల్పినారు. 1929లో గాంధీ మహాత్ముడు అక్కడ శంకుస్థాపన చేసినారు. నూరేండ్లు గడచిన తరువాత కూడ పాత పత్రికల సంపుటాలకై పరిశోధకులు ఆ ఊరికే వెళుతున్నారు. నలుగురు యువకులు ఒకచోట కూడటం వింత కాదు. ప్రతి ఊరిలోను, ప్రతి బడిలోను వారు కూడుతూనే ఉంటారు. కూడినవారు విడిపోకుండా నిలవడమే వింత. అట్లా నిలవడానికి వారికి ఒక చోటు కావాలి, ఒక వేళ కావాలి, వారిని చూచి తలుపు మూయని పెద్ద ఒకరు కావాలి.

ఈ మూడూ ఒక్కచోట దొరికితే ఏమి జరుగుతుందో తెలుపడానికి సంగీతలోకంలో ఒక చక్కని దృష్టాంతం ఉన్నది. అది మన దేశానిది కాదు. మన సంగీత సంప్రదాయానిదీ కాదు. ఇంగ్లండులో ఆక్స్‌ఫర్డు నగరానికి సమీపాన ఉన్న ఆబింగ్డన్ అనే చిన్న పట్టణంలో, ఒక పాఠశాల విద్యార్థులు 1985లో కూర్చుకొన్న వాద్యబృందం కథ అది. ఆ బృందాన్ని లోకం ఈనాడు 'రేడియోహెడ్' అనే పేరుతో ఎరుగును. మన విద్యార్థులలో కొందరు ఆ పాటలను విని ఉంటారు. వారి ఉపాధ్యాయులు తెలుసుకొనదగినది మాత్రం ఆ పాటల వెనుకనున్న బడి కథ.

వంత తప్పితే కథ లేదు

రాక్ సంగీతం అనగానే మన పెద్దలలో చాలమందికి హోరు మాత్రమే జ్ఞప్తికి వస్తుంది. కాని దాని నిర్మాణం మనకు అంత పరాయిది కాదు. ఒకడు గిటారు మీటుతూ పాడుతాడు. మరొకడు ఆ పాటకు స్వరచ్ఛాయలు కలుపుతాడు. మంద్రంగా మ్రోగే బేస్ గిటారు పునాది వేస్తుంది. డ్రమ్ములు పాట నడకను పట్టి ఉంచుతాయి. మన గుంటూరు సీమవారికి బుర్రకథా దళం తెలియనిది కాదు. నడుమ తంబురా ధరించిన కథకుడు, ఇరుప్రక్కల గుమ్మెటలు వాయించే వంతలు, వారిలో ఒకరు హాస్యానికి, మరొకరు రాజకీయానికి. పొన్నెకల్లులో 1920లో పుట్టి 1986లో పద్మశ్రీ పొందిన షేక్ నాజర్ ఇటువంటి ముగ్గురి దళంతోనే తెలుగునాడంతటా జనాన్ని రాత్రులు మేల్కొలిపినాడు. కథకుడు ఎంత ఘనుడైనా వంత తప్పితే కథ కూలుతుంది. రాక్ బృందపు ప్రాణం కూడ అక్కడే ఉన్నది. ఒక్కరి ప్రతిభ కంటె పదిమార్లు కష్టమైనది నలుగురి పొత్తు.

ఇక 'ఇండీ' అనే మాట. 1970ల చివర ఇంగ్లండులో కొందరు యువకులు పెద్ద రికార్డు కంపెనీల అనుగ్రహానికై కాచుకొనక, చిన్న చిన్న సంస్థలు పెట్టుకొని తమ పాటలను తామే అచ్చొత్తి అమ్ముకొనసాగినారు. 'ఇండిపెండెంట్', అనగా స్వతంత్రం, అనే మాటకు అది పొట్టిపేరు. క్రమంగా అది ఒక పాటతీరుకు, ఒక మనస్తత్త్వానికి పేరైనది. ఆబింగ్డన్ బాలురు ఆ గాలిలో పెరిగినవారు. అయితే వారు పూర్తిగా స్వతంత్రులు కావడానికి ఇరువది యేండ్లకు పైగా పట్టినది.

బిల్లు వ్రాసిన చేయి, తలుపు తెరచిన చేయి

ఆబింగ్డన్ పాఠశాల చరిత్రలో 1256 నుండి కనిపిస్తుంది. ఆనాడు అది రుసుము చెల్లించి చదువుకొనే మగపిల్లల బడి. క్రమశిక్షణ కఠినమైనది. ఆ బడిలో థామ్ యార్క్ అనే పిల్లవాడు ఉండేవాడు. 1968లో పుట్టిన ఆ బాలునికి పుట్టుకతోనే ఎడమ కంటిరెప్ప పనిచేయలేదు. ఆరేండ్లు వచ్చేలోపుననే ఐదు శస్త్రచికిత్సలు జరిగినవి. వాలిన కన్ను చూచి తోటిపిల్లలు పరిహసించేవారు. పదేండ్ల ప్రాయంలో అతడు స్వయంగా ఒక గిటారు చేసుకొన్నాడు. అందుకు స్ఫూర్తి క్వీన్ బృందంలోని బ్రయన్ మే తన తండ్రితో కలసి ఇంటిలోనే తయారు చేసుకొన్న గిటారు. ఆ క్వీన్ బృందపు గాయకుడు ఫ్రెడ్డీ మెర్క్యురీ మన దేశంలోనే చదివినాడు. ఇప్పటి మహారాష్ట్రలోని పంచగనిలో, సెయింట్ పీటర్స్ పాఠశాల విద్యార్థులు 1958లో కూర్చుకొన్న 'హెక్టిక్స్' అనే బృందంలో అతడు పియానో వాయించినాడు. బడిలో పుట్టే పాటకు దేశభేదం లేదు.

యార్క్‌కు సహాధ్యాయి కోలిన్ గ్రీన్‌వుడ్ బేస్ గిటారు పట్టినాడు. ఒక తరగతి పైన ఉన్న ఎడ్ ఓబ్రయన్ గిటారు వాయించినాడు. అతనికంటె మరొక తరగతి పైవాడైన ఫిలిప్ సెల్వే డ్రమ్ముల ముందు కూర్చున్నాడు. చివరకు చేరినవాడు కోలిన్ తమ్ముడు జానీ. అన్నకంటె రెండు తరగతులు క్రింద. మధ్యమధ్య మరికొందరు వచ్చి పోయినా నిలిచినవారు ఈ ఐదుగురే. బడి సంగీత గదిలో వీరి అభ్యాసం శుక్రవారం నాడు. కనుక తమ బృందానికి 'ఆన్ ఎ ఫ్రైడే' అని పేరు పెట్టుకొన్నారు. శుక్రవారం నాడు అని అర్థం. ఇంతకంటె సాదా పేరు మరొకటి ఉండదు. కాని ఆ పేరులోనే వారి బలమంతా ఉన్నది. స్ఫూర్తి కలిగిన నాడు కూడుదాము అనుకొన్న బృందాలు వేనవేలు చెదరిపోయినవి. వారమునకొకసారి కూడుదాము అనుకొన్న బృందం ఇది.

ఒకమారు ఆదివారం నాడు గదిని వాడుకొన్నందుకు ప్రధానోపాధ్యాయుడు వారినుండి అద్దె వసూలు చేసినాడట. అదే బడిలో సంగీత శాఖను నడిపిన టెరెన్స్ గిల్మోర్ జేమ్స్ అనే ఉపాధ్యాయుడు ఉన్నారు. బడిలో ఊపిరాడని ఈ బాలురకు సంగీత శాఖ ఆశ్రయమైనది. ఆయన వారికి జాజ్ వినిపించినారు, చలనచిత్రాల నేపథ్యసంగీతం వినిపించినారు, ఇరువదవ శతాబ్దపు పాశ్చాత్య శాస్త్రీయ సంగీతంలోని కొత్త పోకడలను పరిచయం చేసినారు. ఆయన ఋణాన్ని యార్క్ పెద్దవాడైన తరువాత బహిరంగంగానే చెప్పుకొన్నాడు. ఒకే కప్పు క్రింద రెండు చేతులు. ఒకటి బిల్లు వ్రాసినది. మరొకటి తలుపు తెరచినది. నలుబదియేండ్ల తరువాత లోకం కృతజ్ఞతతో తలచుకొంటున్నది రెండవదానినే.

వినబడని వాయిద్యం

జానీ గ్రీన్‌వుడ్ చేరిక కథ ప్రతి తరగతిలోను చెప్పదగినది. బాలల వాద్యగోష్ఠిలో వయోలా వాయించిన ఈ కుర్రవాడు అన్నగారి బృందంలో చోటుకై తిరిగి తిరిగి, మొదట హార్మోనికా ఊదినాడు. తరువాత కీబోర్డు ముందు కూర్చున్నాడు. అంతకుముందు ఆ స్థానంలో ఉన్నవాడు మరీ బిగ్గరగా వాయించి స్థానం పోగొట్టుకొన్నాడు. ఆ గతి తనకూ పడుతుందన్న భయంతో జానీ కొన్ని నెలలపాటు ధ్వనిని పూర్తిగా తగ్గించి, మీటలమీద వేళ్ళు మాత్రం కదిపేవాడు. ఏమి వాయిస్తున్నావో సరిగా వినబడటం లేదు గాని, పాటకు ఏదో నిండుదనం వస్తున్నదని యార్క్ మెచ్చుకొన్నాడట! జానీ రాత్రి ఇంటికి పోయి ఆ పాటలకు నిజమైన స్వరసంగతులు ఎట్లా కూర్చాలో సాధన చేసేవాడు. కొన్నాళ్ళకు మెల్లమెల్లగా ధ్వని పెంచినాడు. ఈ వృత్తాంతాన్ని అతడే తరువాత నవ్వుతూ చెప్పుకొన్నాడు.

తరగతిలో వెనుక బల్లమీద కూర్చుని పెదవులు మాత్రమే కదిపే పిల్లవానిని ప్రతి ఉపాధ్యాయుడూ చూచి ఉంటాడు. వాని ధ్వని మీట ఇంకా క్రిందనే ఉన్నదనుకోవాలి గాని, వానిలో పాట లేదనుకోరాదు.

ఈ జానీయే పదిహేనవ యేట ఫ్రెంచి స్వరకర్త ఒలివియే మెస్సియాన్ రచించిన ఒక మహావాద్యకృతి విని ముగ్ధుడైనాడు. దాని పేరు మనవారికి ఆశ్చర్యం కలిగించేది: 'తురంగలీల'. పదమూడవ శతాబ్దిలో శార్ఙ్గదేవుడు రచించిన సంగీత రత్నాకరంలోని దేశీతాళాల పట్టికలో ఉన్న పేరు అది. దానిని ఫ్రెంచివాడొకడు 1940లలో తన కృతికి పెట్టుకొన్నాడు. ఆ కృతి విని ఇంగ్లండులోని బడిపిల్లవాడొకడు దారి కనుగొన్నాడు. అతడే 2015లో రాజస్థాన్‌లోని జోధ్‌పూరుకు వచ్చి మెహ్రాన్‌గఢ్ కోటలో అక్కడి గాయకులతో, వాద్యకారులతో కలసి 'జునూన్' అనే సంపుటిని రికార్డు చేసినాడు. విద్య తిరిగే దారులు ఇట్టివి.

మొదట చదువు

వీరు ఇంకా బడిపిల్లలుగా ఉండగానే వీరి తొలి ధ్వనిముద్రణ విని ఐలండ్ అనే పేరుగల రికార్డు కంపెనీ ఒప్పందం చేసుకొంటామని వచ్చినది. పదునెనిమిదేండ్ల పిల్లలకు ఇంతకుమించిన ప్రలోభం ఏమి కావాలి? వారు కాదన్నారు. తాము ఇంకా సిద్ధం కాలేదనీ, ముందు విశ్వవిద్యాలయానికి పోవాలనీ నిశ్చయించుకొన్నారు. కోలిన్ కేంబ్రిడ్జిలో ఆంగ్లసాహిత్యం చదివినాడు. యార్క్ ఎక్సెటర్‌లో సాహిత్యమూ, చిత్రకళా అభ్యసించినాడు. ఓబ్రయన్ మాంచెస్టర్‌కు, సెల్వే లివర్‌పూల్‌కు వెళ్ళినారు. జానీ ఇంకా బడిలోనే ఉన్నాడు. దేశం నలుమూలలకు చెదరినా, సెలవులు వచ్చినప్పుడెల్లా ఆక్స్‌ఫర్డు చేరి అభ్యాసం సాగించినారు. శుక్రవారం పోయినది, దాని స్థానంలో సెలవు వచ్చినది. నియమం మాత్రం పోలేదు.

చదువులు ముగించుకొని 1991 నాటికి తిరిగి ఆక్స్‌ఫర్డులో కలిసినారు. కోలిన్ ఒక పాటల దుకాణంలో పనికి కుదిరినాడు. ఆ దుకాణానికి వచ్చిన ఇ.ఎం.ఐ. కంపెనీ ప్రతినిధి చేతిలో తమ క్యాసెట్టు పెట్టినాడు. ఆ సంవత్సరాంతంలో ఆరు సంపుటాలకు ఒప్పందం కుదిరినది. కంపెనీ కోరిక మీద పేరు మార్చుకొన్నారు. అమెరికాలోని టాకింగ్ హెడ్స్ బృందం పాట పేరునుండి 'రేడియోహెడ్' అయినారు. అప్పుడే ఆక్స్‌ఫర్డు పాలిటెక్నిక్‌లో చేరిన జానీ ఒక్కడే చదువు మధ్యలో విడువవలసి వచ్చినది. అన్నలు నాలుగేండ్లు ఆగినారు, తమ్ముడు ఆగలేదు. ఇందులో ఏది ఒప్పు, ఏది తప్పు అని తీర్పు చెప్పనక్కరలేదు. ఆగినవారికి పోయినదేమీ లేదన్నది మాత్రం గమనింపదగినది.

ఒక్క పాట ప్రమాదం

1992లో వెలువడిన 'క్రీప్' అనే పాట వారికి పేరు తెచ్చినది. నలుగురిలో తనకు చోటు లేదని కుమిలే మనిషి గోడు ఆ పాట వస్తువు. ఆ మెత్తదనం నచ్చక జానీ నడుమ తన గిటారును కటువుగా కొట్టగా, ఆ కటుధ్వనియే పాటకు గుర్తుగా నిలిచినది. బి.బి.సి. వారు పాట మరీ దిగులుగా ఉన్నదని ఎక్కువగా ప్రసారం చేయలేదు. స్వదేశంలో మొదట ఎవరూ పట్టించుకొనని పాట ఇజ్రాయెల్ రేడియోలో మారుమ్రోగినది. తరువాత అమెరికాలోని కళాశాలల రేడియో కేంద్రాలవారు దానిని ఎత్తుకొన్నారు. 1993లో ఇంగ్లండులో తిరిగి విడుదల కాగా అక్కడివారూ కొన్నారు. ఇంట గెలిచి రచ్చ గెలవమన్న సామెత ఇక్కడ తారుమారైనది.

కీర్తి వచ్చిన తరువాత అసలు చిక్కు వచ్చినది. సభలో ఆ ఒక్క పాట విని లేచిపోయే శ్రోతలు తయారైనారు. ఒక్క పద్యంతో పేరుపొంది జీవితాంతం ఆ పద్యమే చదువుతూ బ్రతికిన నటులు మన రంగస్థలంపైనా ఉన్నారు. ఈ ఐదుగురు ఆ వలలో చిక్కుకొనలేదు. 1995లో 'ది బెండ్స్', 1997లో 'ఓకే కంప్యూటర్' అనే సంపుటాలు వెలువరించినారు. యంత్రాల నడుమ మనిషి ఒంటరితనాన్ని పాడిన ఆ రెండవది విమర్శకుల ప్రశంసలతో ఇంగ్లండు విక్రయాల పట్టికలో అగ్రస్థానం పొందినది. అదే బాణీలో మరొకటి చేసి ఉంటే ధనం కురిసేది. కాని 2000లో వచ్చిన 'కిడ్ ఎ' సంపుటిలో గిటారులను చాలవరకు ప్రక్కన పెట్టి, విద్యుత్ వాద్యాల వింత ధ్వనులతో శ్రోతలను దిగ్భ్రమకు గురిచేసినారు. కొందరు విసుగుకొన్నారు. అయినా అది అమెరికాలో మొదటి స్థానాన నిలిచినది. చిన్నతనంలో గిల్మోర్ జేమ్స్‌గారు వినిపించిన జాజ్, ఆధునిక శాస్త్రీయ సంగీతాలు వృథాపోలేదు.

తోచినంత ఇవ్వండి

ఆరు సంపుటాల ఒప్పందం 2003తో తీరిపోయినది. ఇక వారు ఎవరికీ బద్ధులు కారు. 2007 అక్టోబరు 10వ తేదీన తమ ఏడవ సంపుటి 'ఇన్ రెయిన్‌బోస్'ను ఏ కంపెనీ మధ్యవర్తిత్వం లేకుండా తామే అంతర్జాలం ద్వారా శ్రోతలకు అందించినారు. ధర ఎంత? శ్రోత ఇష్టం. తోచినంత ఇవ్వవచ్చు; ఏమీ ఇవ్వక కూడ పుచ్చుకొనవచ్చు. పాశ్చాత్య వ్యాపారలోకం నివ్వెరపోయినది. పత్రికలు దీనిని అపూర్వమైన ప్రయోగమని వర్ణించినవి. కొందరు ఏమీ ఇవ్వకుండానే తీసుకొన్నారు, కొందరు మనసారా ఇచ్చినారు. తరువాత ఆ సంపుటి డిస్కుల రూపంలో దుకాణాలకు రాగా ఇంగ్లండులోను, అమెరికాలోను ప్రథమస్థానం పొందినది.

తెలుగువారికి ఇందులో అపూర్వమేమున్నది? హరికథకుడు కథ ముగించి మంగళహారతి పళ్ళెం పంపినప్పుడు దానిపై ధర వ్రాసి ఉండదు. జంగంకథ చెప్పినవానికి ఒకరు చేటెడు ధాన్యం పోసినారు, మరొకరు పాతపంచె ఇచ్చినారు, లేనివారు ఊరకే విని వెళ్ళినారు. పాట ముందు, ప్రతిఫలం తరువాత. విన్నవాని హృదయమే తూనిక. లాభనష్టాల లెక్కలలో ఆరితేరిన దేశంలో ఐదుగురు సంగీతకారులు ఆ పాత ధర్మాన్ని కొత్త యంత్రం సాయంతో మరల కనుగొన్నారు. ఈ విధానానికి మరొక ముఖమూ ఉన్నది. రేడియోహెడ్‌కు అప్పటికే లోకమంతటా శ్రోతలు ఉన్నారు కనుక పళ్ళెం నిండినది. ఊరూ పేరూ లేని బృందానికి అంత నమ్మకంగా నిండకపోవచ్చు. మన జంగాల కడుపులు ఆ పళ్ళెంతో ఎన్నడూ నిండలేదన్నది మరువరాదు.

ఐదుగురి పొత్తును గూర్చి ఒక మాట. వారి పాటలు ఒక్కరి పేరిట కాక బృందం పేరిటనే వెలువడుతూ వచ్చినవి. గొంతు యార్క్‌ది, కర్తృత్వం ఐదుగురిది. వేరువేరుగా ఎవరి పనులు వారికి ఉన్నవి. జానీ చలనచిత్రాలకు సంగీతం కూర్చి ఖ్యాతి గడించినాడు. 2016 తరువాత బృందం కొత్త సంపుటి తేలేదు. 2018 తరువాత ఏడేండ్లు వేదిక ఎక్కలేదు. చెదరిపోయినారని లోకం అనుకొంటుండగా 2025 చివరలో మాడ్రిడ్, బొలోన్యా, లండన్, కోపెన్‌హాగెన్, బెర్లిన్ నగరాలలో మరల కలసి పాడినారు. నలుబదియేండ్ల క్రితం శుక్రవారపు గదిలో కూడిన ఐదుగురే, ఒక్కరూ మారలేదు. పడుగూ పేకా కుదిరిన నేత చిరకాలం నిలుస్తుందన్నది మగ్గం ఎరిగిన ఊళ్ళవారికి చెప్పనక్కరలేదు.

మన బడుల మాట

ఇక్కడ ఒక ఆక్షేపణ రాక తప్పదు. అది ధనికుల బడి కదా, వారికి సంగీతశాల ఉన్నది, వాద్యాలు ఉన్నవి, వేతనమిచ్చి పెట్టుకొన్న సంగీతోపాధ్యాయుడు ఉన్నాడు. చీరాల వేటపాలెం ప్రాంతపు పంచాయతీ బడికి ఇవన్నీ ఎక్కడివి? ఆక్షేపణ సత్యమే. కాని ఆ బడిలో డబ్బుతో కొన్నవి ఏవి, డబ్బు లేకుండ దొరికినవి ఏవి అని వేరుచేసి చూడాలి. గిటారు కొనాలి. గుమ్మెట, డప్పు, తాళాలు, వేణువు మన ఊళ్ళలోనే దొరుకుతాయి. వాటిని వాయించేవారి పిల్లలే మన బడులలో చదువుతున్నారు. ఇంటిలో తండ్రి డప్పు వాయిస్తుంటే విని పెరిగిన పిల్లవాడు బడికి వచ్చి ఆ విద్యను దాచుకొంటున్నాడంటే, ఆ సిగ్గు వానిది కాదు. ఇక గది, వారమునకొక గంట, ఒక పెద్దవారి ప్రోత్సాహం: వీటికి ధర లేదు. పైగా ఆబింగ్డన్‌లో ఆనాడు ఆడపిల్లలు లేరు. మన బడులలో ఉన్నారు. సగం గొంతులు వారివే.

మన నేలపై ఇట్టి తలుపులు తెరచినవారు లేకపోలేదు. విజయనగరంలో 1919లో వెలసిన సంగీత కళాశాలకు ఆదిభట్ల నారాయణదాసుగారు తొలి అధ్యక్షులు. ఆ కళాశాలలో చేరాలని బాలుడైన ఘంటసాల వెంకటేశ్వరరావు వెళ్ళేసరికి వేసవి సెలవులు. అప్పుడు పట్రాయని సీతారామశాస్త్రిగారు ఆ బాలుని ఇంటికి రానిచ్చి ప్రతిఫలం లేకుండా విద్య చెప్పినారు. మధూకరం ఎత్తుకొని కడుపు నింపుకొన్న ఆ విద్యార్థి తరువాత తెలుగువారి గొంతు అయినాడు. ఈనాడు హైదరాబాదులో 'చౌరస్తా' వంటి యువబృందాలు తెలుగు మాటలతో స్వతంత్రంగా పాటలు కట్టుకొంటున్నవి. మన భాషకు ఈ బాణీ పొసగదన్న వాదం అక్కడ తేలిపోయినది.

అయినా పరీక్షలు దగ్గరపడగానే మొదట మాయమయ్యేది పాటల గంట. లెక్కలు మిగిలినవి, సైన్సు మిగిలినది అని ఆ గంటను అప్పు తీసుకొంటారు. ఆ అప్పు ఎవరూ తీర్చరు. ప్రతి బడినుండీ ఒక రేడియోహెడ్ రాదు, ఒక ఘంటసాల రాడు. రానక్కరలేదు. ఒకరి గొంతు మరొకరు వినడం, తన వంతు వచ్చేవరకు ఆగడం, ఎదుటివాని తప్పును తన వాయిద్యంతో సర్దుకొని పాటను ఒడ్డున చేర్చడం: ఇవి ఏ పాఠ్యపుస్తకంలోనూ లేని పాఠాలు. పాట మానుకొని ఉద్యోగాలలో స్థిరపడినవారికి సైతం ఇవి జీవితమంతా పనికివస్తాయి.

బడి విడిచిన తరువాత గదులకు తాళం వేయడం పరిపాటి. వారమునకొకనాడు, ఏ శుక్రవారమో, ఒక్క గది తాళం గంటసేపు ఆలస్యంగా పడితే బడికి వచ్చే నష్టమేమీ లేదు. లోపలినుండి మొదట వచ్చేది హోరే కావచ్చు. పాట తరువాత వస్తుంది.